మూడో తీగ

పోయిన నెల మా వంటింట్లో నీళ్ళ ఫిల్టరు బిగించడానికి ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, మాట మంచిది. "పెద్దమ్మా" అని పిలుస్తూ చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. భుజానున్న సంచీని నేలమీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, మేకులు, సగం తాగిన నీళ్ళ సీసా, బిస్కట్ పొట్లం, డ్రిల్లింగ్ మిషను, అన్నీ ఒకే కుప్పగా పడ్డాయి. ఆ మిషను తీగ చివర ప్లగ్గు లేదు. తొక్క ఒలిచిన రెండు రాగి కొసలున్నాయి. వాటిని గోడలో బొక్కల్లోకి దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చబోతున్నాడు. నేను లేచి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాను. "నా ఇంట్లో అట్టా పెట్టొద్దు నాయనా, పోయి ప్లగ్గు కొనుక్కోని రా" అన్నాను. "ఏం గాదు పెద్దమ్మా, ఎన్నో ఏళ్ళుగా ఇట్టనే చేస్తుండా" అని నవ్వాడు. నా ముఖం చూసి ఆ నవ్వు ఆపేసి బజారుకు వెళ్ళాడు. అతను తిరిగొచ్చేదాకా ఆ కుప్ప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎనభై దాటినదాన్ని, ఊరికే కూడా కూర్చుంటాననుకోండి. ఆ వేళ మాత్రం అది ముసలితనం వల్ల కాదు.

మాది కావలి. పందొమ్మిది వందల యాభైల చివర నేను కోడలిగా వచ్చిన ఇల్లు రైలు కట్టకు దగ్గర్లో ఉండేది. పేరుకు సాయిబులమే కానీ ఇంట్లో మాట తెలుగే. దేవుణ్ణి అడిగే దువా అరబ్బీలో, పోట్లాట తెలుగులో. మా మామ వడ్రంగి. తలుపులు, ద్వారబంధాలు, ఎద్దుబండ్లు, కొట్ల గాదెలు చేసేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా బావ, చిన్నవాడు నా పెనిమిటి. ముంగిలికి ఒక పక్క మేముండే గదులు, ఎదురుగా పని చేసే పెద్ద చావిడి, చావిడిని ఆనుకుని ఒక చీకటి గది. ఆ గదిని మా మామ "కొట్టు" అనేవాడు. పనిముట్లన్నీ అందులో ఉండేవి. పెళ్ళయి వచ్చిన మూడోనాడే మా అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఆ గది చూపించింది. ఇంకో ఇంట్లో అయితే కొత్త కోడలికి బీరువా చూపిస్తారు.

చూడదగ్గదే మరి. గోడంతా చెక్క పలకలు దిగేసి, వాటిమీద ఒక్కో పనిముట్టు ఆకారాన్ని మసితో గీశాడు మా మామ. రంపం తీస్తే దాని వెనక నల్లటి రంపం కనిపిస్తుంది, బాడిస తీస్తే నల్లటి బాడిస. సాయంత్రం పని ముగిశాక గోడమీద ఎక్కడైనా నల్ల బొమ్మ కనిపిస్తే ఆ వస్తువు ఇంకా రాలేదన్నమాట. అది వచ్చేదాకా ఎవరికీ అన్నం లేదు. ఒకసారి చిన్న ఉలి దొరక్క మేమంతా రంపపు పొట్టులో వెతికి వెతికి, చివరికి మా అత్త తలదిండు కింద దొరికింది. ఆమె దాంతో తమలపాకుల డబ్బా మూత తీసుకుందట. ఆ పూట మా మామ ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అదో విశ్రాంతి.

ఆ గదిలో ఆయనకు ఒకటే నియమం. మొండిబారింది, పిడి ఊగేది, పన్ను విరిగింది ఏదైనా గోడకు ఎక్కకూడదు. చావిడి మూల ఒక పొట్టి బల్ల ఉండేది, దానిమీద పెట్టాలి. దానికి ఆసుపత్రి బల్ల అని పేరు. "కొట్టులో ఉండాదంటే కండ్లు మూసుకోని తీసకపోవచ్చు. అట్టా లేకపోతే అది కొట్టు గాదు, చెత్తకుప్ప" అనేవాడు. పనివాళ్ళకు, కొడుకులకు, ఆఖరికి కూర తరగడానికి కత్తి అడిగే కోడళ్ళకు కూడా అదే నియమం.

నేను వచ్చిన కొన్నాళ్ళకు మా వీధికి కరెంటు వచ్చింది. అందరూ దీపం పెట్టించుకుంటే మా బావ మిషన్లు కావాలన్నాడు. నిదానం మనిషి ఆయన. మాటకూ మాటకూ మధ్య మనం ఇంకో పని చేసుకుని రావచ్చు. తండ్రిని ఒప్పించడానికేమీ కష్టపడలేదు. మా మామకు కొత్త వస్తువంటే పిల్లవాడి సంబరం. ఇద్దరూ రైలెక్కి మద్రాసు పోయి మూడు రోజులు ఉండి వచ్చారు. ఆ ప్రయాణం సంగతులు మా మామ చాలాకాలం చెప్పుకున్నాడు. షాపు వాడు నిలువెత్తు రంపం మిషను చూపించి ఇదే తీసుకోమన్నాడట. మా బావ దాన్ని చుట్టూ తిరిగి చూసి, "దీనికి పని మేము పుట్టించాల, మా పనికి ఇది పుట్టలా" అన్నాడట. డ్రిల్లింగ్ మిషన్లు వరసగా ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తలుపు ముందు నిలబడ్డట్టు చెయ్యి చాచి అట్లాగే ఉండిపోయేవాడట. చెయ్యి లాగితే కింద పెట్టేసేవాడు. లాగకపోతే స్విచ్ నొక్కి మోత వినేవాడు. చివరికి ఒకటి తీసుకున్నాడు, సానపట్టే గ్రైండరు ఒకటి, చిన్న మోటారు ఒకటి. ఆ డ్రిల్లు ఒళ్ళంతా ఇనుమే, ఆ రోజుల్లో అన్నీ అంతే. దాని తీగలో మూడు పోగులుండేవి. మూడోది ఎందుకు, మీ ఊళ్ళో దాన్ని ఎవరూ వాడరు, రెండు పోగులది చవకలో ఇస్తానని షాపు వాడన్నాడట. మా బావ వినలేదు.

ఆ మూడో పోగు సంగతి ఆయన మాకు కూడా చెప్పాడు. లోపల ఎక్కడైనా తీగ అరిగి కరెంటు ఇనుప ఒంటికి తగిలితే, ఆ మూడో పోగు దాన్ని నేలలోకి దించేస్తుంది, ఫీజు ఎగిరిపోతుంది, మనిషి బతుకుతాడు. ఆ దారి లేకపోతే కరెంటు మనిషిలోంచే నేలకు పోతుంది. అందుకని చావిడి వెనక లోతుగా గుంట తవ్వి, బొగ్గులు, ఉప్పు పొరలు పొరలుగా పోసి, ఇనుప గొట్టం దిగేసి దానికి తీగ కట్టించాడు. ఆ గుంట ఎండిపోకూడదు. రోజూ బిందెడు నీళ్ళు పోయాలి. ఆ పని కోడళ్ళకు పడింది. ఎండాకాలం బావిలో నీళ్ళు అడుగంటితే మా అత్త, "మనుషులు తాగినా తాగకపోయినా ముందు నీ కరెంటు తాగాల" అని కొడుకును సాధించేది. ఆయన నవ్వి తనే చేద తీసుకునేవాడు.

మా తోటికోడలి గురించి చెప్పాలి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, అల్లూరు దగ్గర పల్లె. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మాటలో గట్టిదే కానీ గొంతు పైకి లేచేది కాదు. నన్ను చెల్లే అని పిలిచేది. మా ఇద్దరికీ ఒకటే పొయ్యి. నా పెనిమిటిని సొంత తమ్ముడిలాగా చూసేది. ఆయన అన్నకు పూర్తిగా వ్యతిరేకం. చురుకు. ఈల వేస్తూ పని చేసేవాడు. అన్న ఒక బొక్క వేసేలోపు తమ్ముడు నాలుగు వేసేవాడు, అందులో ఒకటి పక్కకు పోయేది. ఆమె అన్నం పెడుతూ, "ఆ పక్కకు పోయినదాన్ని మీ అన్న పూడ్చేలోపు నువ్వు ఇంకో ముద్ద తిను" అనేది. అందరం నవ్వేవాళ్ళం. అట్లా కొన్నేళ్ళు గడిచాయి.

ఒక కార్తీక మాసంలో వానలు పట్టుకున్నాయి. మాకు పెద్ద వానలు అప్పుడే. ఊళ్ళోనే ఒక ధాన్యం కొట్టులో తలుపులకు ఇనుప పట్టీలు వేసే పనికి నా పెనిమిటి డ్రిల్లు తీసుకుపోయాడు. అక్కడ గోడ ప్లగ్గుకు రెండే బొక్కలు. మన ప్లగ్గుకు మూడు పుల్లలు. ఇంటికొచ్చి తండ్రిని అడిగితే ఏం చెయ్యమనేవాడో ఏమో. ఈయన బజారులో రెండు పుల్లల ప్లగ్గు కొని, మన ప్లగ్గు విప్పేసి దాన్ని తగిలించాడు. మూడో పోగు అడ్డమొస్తుందని కొస కత్తిరించేశాడు. పని అయిపోయింది. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది, వాన. పాత ప్లగ్గు మళ్ళీ బిగించబోతే మూడో పోగు పొట్టిదైపోయి అందలేదు. మూడూ అందాలంటే తీగంతా వెనక్కి ఒలిచి కట్టాలి. రేపు చూద్దాంలే అనుకున్నాడు. రెండు పోగులు బిగించి మూత వేసేశాడు. బయటినుంచి చూస్తే మూడు పుల్లల మంచి ప్లగ్గు. ఆసుపత్రి బల్లమీద మా అత్త వానకు తడవకుండా జొన్నల మూట పెట్టివుంది. మిషను తీసుకుపోయి కొట్టులో దాని చోట్లో దాన్ని పెట్టేశాడు.

మర్నాడు ఆయన ఇంకా నిద్ర లేవకముందే మా బావ ఆ మిషను తీసుకుని, మా దగ్గరున్న పాత పనివాణ్ణి వెంటబెట్టుకుని మొదటి బస్సుకు అల్లూరు వెళ్ళిపోయాడు. అక్కడ ఒక వడ్ల గోదాములో పని. నా పెనిమిటి లేచి ముఖం కడుక్కుని కొట్టులోకి పోయి చూస్తే గోడమీద నల్ల బొమ్మ ఉంది. అన్న ఏ పనికి పోయాడని నన్ను అడిగాడు. అల్లూరన్నాను. చొక్కా తొడుక్కుంటూనే బస్సుకు పరిగెత్తాడు. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన దారిలో ఉండగానే అంతా అయిపోయింది.

ఎట్లా జరిగిందో ఆ పనివాడు మాకు తర్వాత చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. గోదాములో నేలంతా తడి. మా బావ ముందు వాళ్ళ గోడ ప్లగ్గు దగ్గరకు పోయి, తన వెంట ఉండే పరీక్ష బల్బు పెట్టి, మూడో బొక్క సరిగా ఉందా లేదా అని చూసుకున్నాడట. బల్బు బాగా వెలిగింది. "వీళ్ళది బానే ఉండాది" అన్నాడట. పరాయివాళ్ళ గోడను పరీక్ష చేశాడు. మన మిషను మన కొట్టులోంచి వచ్చింది, దాన్ని చూడలేదు. రెండు బొక్కలు వేశాడు. మూడోది వేస్తుంటే లోపల ఎక్కడ తీగ అరిగివుందో, మిషను ఆయన చేతిని పట్టేసుకుంది. పనివాడు పరిగెత్తి తీగ లాగేసేలోపు పడిపోయాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ధాన్యం లారీలో తెచ్చారు. నా పెనిమిటి అన్న తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వచ్చాడు. వాన ఆగలేదు. గోరీ తవ్వుతుంటే గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయని మసీదు వాళ్ళు ఇసుక తెప్పించారు. మా తోటికోడలు ఏడవలేదు. పిల్లలిద్దరినీ చెరో పక్క పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నీళ్ళు తాగిస్తే తాగింది.

మూడోనాడు ఫాతిహా ప్రార్థన అయి చుట్టాలు కాస్త పలచబడ్డాక, మా మామ ఆ మిషను తెప్పించి ఆసుపత్రి బల్లమీద పెట్టించాడు. జొన్నల మూట తనే తీసి కింద పెట్టాడు. స్క్రూడ్రైవరుతో ప్లగ్గు మూత విప్పాడు. లోపల రెండు పోగులు. మూడో పుల్ల దగ్గర ఏమీ లేదు.

"ఇది ఎవురు కట్టినారు?"

"నేనే నాయనా" అన్నాడు నా పెనిమిటి.

మా మామ అరవలేదు, చెయ్యెత్తలేదు. మూత మళ్ళీ పెట్టి, "బల్ల ఉండింది గదరా" అన్నాడు. బల్లమీద చెయ్యి వేసి మళ్ళీ, "ఈ బల్ల ఇక్కడే ఉండింది గదరా" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆయన బతికినంతకాలం ఆ సంగతి కొడుకుతో ఎత్తలేదు. కరెంటు పనిముట్టు మళ్ళీ చేత్తో పట్టి పని చెయ్యలేదు.

ఆ మాటలు జరుగుతున్నప్పుడు మా తోటికోడలు లోపలి గదిలో తెర వెనక ఉంది. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు తీరేదాకా బయటికి రాకూడదు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆమె ముఖంలోకి చూడలేక తల దించుకుని, "అక్కా, నన్ను ఏమన్నా అను" అన్నాను. "నిన్నేమనేది చెల్లే" అంది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఎప్పటిలాగే ఉప్పు అందించమంది. ఆమె నన్ను తిట్టివుంటే ఆ చలికాలం నాకు కాస్త తేలిగ్గా గడిచేది.

నా పెనిమిటి ఆ మిషనును గోనెలో చుట్టి సముద్రంలో పారేసి వస్తానని బయలుదేరబోయాడు. చుట్టాలు మిషన్లన్నీ అమ్మేసి, అన్నదమ్ముల పొయ్యిలు వేరు చేసెయ్యమన్నారు. మా తోటికోడలు నన్ను పిలిచింది. "దాన్ని ఎవురూ ముట్టుకోవద్దని మామకు చెప్పు. ఏదీ అమ్మొద్దు. నా బిడ్డలు తినాల. కొట్టు తాళంచెవి తెచ్చి నాకియ్యి" అంది. నేను పోయి చెప్పాను. మా మామ మొలతాడుకు ఉన్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు.

గడువులో ఉన్నన్నాళ్ళూ ఆమె ఇంట్లోనే మామ దగ్గర పని నేర్చుకుంది. ఆయన ప్లగ్గులు, తీగ ముక్కలు లోపలికి తెచ్చి తెర ఇవతల కూర్చునేవాడు. విప్పడం, పోగులు ఒలవడం, మెలిపెట్టి బిగించడం, బల్బుతో పరీక్ష చెయ్యడం చెప్పేవాడు. ఇద్దరూ చనిపోయినాయన పేరెత్తేవాళ్ళు కాదు. ఆయన దగ్గితే ఆమె తెర కింద నుంచి నీళ్ళ చెంబు జరిపేది.

గడువు తీరిన మర్నాడు తలమీద ముసుగు వేసుకుని, తాళంచెవి చేత పట్టుకుని ముంగిలి దాటి కొట్టు తెరిచింది. మసి బొమ్మల పలకలు అట్లాగే ఉంచింది. ఆ డ్రిల్లుకు లోపలి తీగ మార్పించి మూడు పోగులూ కట్టించింది. కరెంటువాటికి మాత్రం వేరే బీరువా చేయించి తాళం పెట్టింది. తీగను మిషను ఒంటికి చుట్టడం మాన్పించింది. అట్లా చుడితే మెడ దగ్గర మెలిపడి లోపల తెగుతుందని, పెద్ద పెద్ద చుట్టలు చేసి చెక్క మేకులకు వేలాడదీసింది. తలుపు తెరవగానే ముందు ప్లగ్గులే కళ్ళకు ఎదురుగా ఉండేటట్టు పెట్టింది. బొక్కలు వేసే పుల్లలను లావును బట్టి వరసగా ఒక మొద్దులో గుచ్చింది. కొట్టు గడప లోపల పీట వేసుకుని కూర్చునేది. ఎవరికి ఏది కావాలన్నా ఆమెను అడగాలి. ఆమె ప్లగ్గు మూత విప్పి, మూడు పోగులూ చూసి, లాగి చూసి, మళ్ళీ బిగించి ఇచ్చేది. రోజూ, ప్రతి మిషనూ. ఆడమనిషి చేతిమీదుగా పనిముట్టు తీసుకోవడమేమిటని ఒక పనివాడు మానేసి పోయాడు. బయట ఎక్కడో షాక్ కొట్టిందో, పని దొరకలేదో, కొన్నాళ్ళకు తిరిగొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ఏమీ అడక్కుండా గ్రైండరు ఇచ్చింది.

నా పెనిమిటి కూడా రోజూ వెళ్ళి ఆ గడప ముందు నిలబడాలి. "వదినా, డ్రిల్లు" అనేవాడు. ఆమె విప్పి చూసి బిగించి గడప మీద పెట్టేది. మిగిలినవాళ్ళకు చేతికిచ్చేది. ఆయనకు గడప మీద పెట్టేది. ఆయన వంగి తీసుకునేవాడు. ఒక్క మాట ఉండేది కాదు. అన్నం నేనే పెట్టేదాన్ని. ఆయన ఈల వెయ్యడం అన్న పోయిన రోజుతో పోయింది. ఎర్త్ గుంటలో నీళ్ళు పోసే పని మా చేతుల్లోంచి తీసేసుకున్నాడు. వాన కుమ్మరిస్తున్నా సరే బిందె తెచ్చి పోసేవాడు. తడిసిన గుంటలో మళ్ళీ నీళ్ళెందుకని నేనొకసారి అంటే, విననట్టు వెళ్ళిపోయాడు. తను ఒక రాత్రి సోమరితనానికి అన్నను చంపుకున్నానని నాతో ఒక్కసారే అన్నాడు.

మా మామ పోయాడు, అత్త పోయింది. మా తోటికోడలి పిల్లల పెళ్ళిళ్ళు నా పెనిమిటి చేతి కష్టంతోనే అయ్యాయి. ఆ పెళ్ళిళ్ళలో కూడా ఆమె ఆయనకు ఏం చెప్పాలన్నా నాతో చెప్పించింది. అది కోపమా అంటే నేను చెప్పలేను. ఆయనకు జ్వరమొస్తే కషాయం కాచి నా చేతికిచ్చేది. తగ్గిందా అని మాత్రం అడిగేది కాదు.

చాలా ఏళ్ళ తర్వాత పాత డ్రిల్లు పూర్తిగా అరిగిపోయి, నా పెనిమిటి నెల్లూరు నుంచి కొత్తది తెచ్చాడు. ఒళ్ళంతా ప్లాస్టిక్కు, తేలిక. తెచ్చి వదిన ముందు పెట్టాడు. ఆమె జుట్టు అప్పటికి సగం నెరిసింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూసింది. రెండే పుల్లలు. తీగలో రెండే పోగులు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను ముంగిట్లో బియ్యం చెరుగుతున్నాను, చేట ఆపేశాను.

"మూడోది లేదే" అంది. ఎవరితో అన్నదో తెలియదు, కానీ అక్కడ ఆయన తప్ప ఎవరూ లేరు.

"దీనికి అక్కర్లేదు వదినా. లోపల రెండు పొరలు ఏసి చేసినారు. ఒంటికి కరెంటు రాదు. విప్పి చూపిస్తా, చూడు."

"నువ్వు చూసినావా?"

"చూసినా."

ఆమె మిషనును ఒళ్ళో పెట్టుకుంది, విప్పి చూపించమని మాత్రం అడగలేదు. తర్వాత గడప మీద పెట్టింది. ఆయన వంగి తీసుకుని పనికి వెళ్ళాడు. ఆమె కొట్టుకు తాళం వేసి, ఎన్నడూ లేనిది పట్టపగలు మా గది ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. అన్నం తిందువు రా అక్కా అంటే వద్దంది. పనివాళ్ళు వచ్చి ఏదో అడిగితే రేపు రమ్మంది. పొద్దు వాలింది. వీధి మలుపులో సైకిలు కనబడింది. ఆయన దిగి, సైకిలు గోడకు ఆనించి, మిషను సంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. అరుగు మీద ఆమెను చూసి ఆగిపోయాడు. ఆమె ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "వచ్చినాడు చెల్లే, నీళ్ళు బెట్టు" అని నాతో చెప్పి లేచి తన గదికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. వదినా అని ఆయన అడగడం, ఆమె గడప మీద పెట్టడం. ఆ పైన కూడా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది నేను వినలేదు. ముందు ఆమె పోయింది, రెండేళ్ళకు ఆయన పోయాడు. క్షమించడమంటే ఏమిటో, మా ఇంట్లో అది జరిగిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఒకే ముంగిట్లో, ఒకే పొయ్యి వంట తింటూ ముగ్గురం ముసలివాళ్ళమయ్యాం. కాలం మాకు చేసిపెట్టింది అంతే. అది తక్కువేమీ కాదని, ఇద్దరూ పోయాక ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు అనిపిస్తుంది.